గ్రహాంతర సంకేతం ఒక్క దేశానికే దొరికితే దాచిపెట్టగలదా?

నింగిచూపు:
వేరే నక్షత్రం దగ్గరి నాగరికత పంపిన రేడియో సంకేతం మొదట ఒక్క దేశం చేతికే చిక్కిందనుకుందాం. మిగతా దేశాలకు చెప్పి తీరాలన్న చట్టం ఏదైనా ఉందా? దాచాలనుకుంటే ఎంతకాలం దాచగలదు? ఊహలు చాలానే చదివాను. నిజంగా జరిగిన ఘటనలు, టెలిస్కోపుల లెక్కలు తెలిసినవారు చెప్పగలరు.

దౌత్యం:
1967 నాటి అంతరిక్ష ఒప్పందం, 11వ అధికరణం. సభ్యదేశాలు తమ అంతరిక్ష కార్యకలాపాల ఫలితాలను ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌కు, ప్రజలకు, శాస్త్రవేత్తలకు తెలపాలి. అయితే "సాధ్యమైనంత మేరకు, ఆచరణకు వీలైనంత మేరకు" అన్న షరతు అందులోనే ఉంది. దేశభద్రత పేరు చెప్పి తప్పుకోవడానికి అది చాలు. పైగా నేల మీద కూర్చుని టెలిస్కోపుతో వినడం అంతరిక్ష కార్యకలాపం కిందికి వస్తుందా అన్నది కూడా వాదించదగ్గ ప్రశ్నే.

రెండోది 1989లో ఇంటర్నేషనల్ అకాడమీ ఆఫ్ ఆస్ట్రోనాటిక్స్ తెచ్చిన సూత్రాల ప్రకటన. దాని ప్రకారం కనుగొన్నవాళ్లు ముందు తాము సరిచూసుకోవాలి. తర్వాత సంతకం చేసిన మిగతా సంస్థలకు చెప్పి, వాళ్లచేత స్వతంత్రంగా పరీక్ష చేయించాలి. నిజమని తేలాక ప్రపంచ ఖగోళవేత్తలకు, సెక్రటరీ జనరల్‌కు తెలపాలి. ఆ ఫ్రీక్వెన్సీలో వేరే ప్రసారాలు రాకుండా అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ద్వారా రక్షణ కోరాలి. అంతర్జాతీయ సంప్రదింపులు జరగకుండా జవాబు పంపకూడదు. 2010లో దీన్ని కుదించి సవరించారు. ఇది చట్టం కాదు. దీనికి కట్టుబడింది పరిశోధన సంస్థలే తప్ప ప్రభుత్వాలు కావు. ఉల్లంఘించినా అడిగేవాళ్లు లేరు.

యాంటెన్నా72:
దాచడానికి అసలు అడ్డంకి భూభ్రమణం. చాలా నక్షత్రాలు కొన్ని గంటల్లో అస్తమిస్తాయి. ఎడతెగకుండా వినాలంటే వేరే రేఖాంశంలో ఉన్న టెలిస్కోపు కావాలి, అంటే వేరే దేశం సాయం కావాలి.

సరిచూడటంలోనూ ఇదే చిక్కు. మామూలుగా ఐదు నిమిషాలు నక్షత్రం వైపు, ఐదు నిమిషాలు పక్కకు తిప్పి వింటారు. అలా మూడుసార్లు, మొత్తం అరగంట. నక్షత్రం వైపు తిప్పినప్పుడే వినిపించాలి. పైగా భూమి తిరగడం వల్ల 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ సెకనుకు గరిష్ఠంగా 0.16 హెర్ట్జ్ దాకా జారుతుంది. ఏమాత్రం జారకపోతే అది టెలిస్కోపు చుట్టుపక్కల పరికరానిదని అనుమానించాలి.

ఈ పరీక్షలు దాటినా సరిపోదు. 2019 ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు, సూర్యుడికి అత్యంత దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ వైపు 982.002 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సంకేతాన్ని రికార్డు చేసింది. బీఎల్‌సీ1 అని పేరు పెట్టారు. పరిశోధన పత్రం రాకముందే 2020 డిసెంబరులో అది పత్రికకెక్కింది. అదే ఆకారంలో వేరే ఫ్రీక్వెన్సీల్లో డజన్లకొద్దీ సంకేతాలు బయటపడ్డాక, భూమ్మీది ఎలక్ట్రానిక్స్ పనేనని 2021లో తేల్చారు.

మరో ఉదాహరణ రష్యాలోని రతన్-600 రేడియో టెలిస్కోపు. హెచ్‌డీ 164595 అనే నక్షత్రం వైపు 11 గిగాహెర్ట్జ్ దగ్గర 2015 మే 15న ఒక పల్స్ దొరికింది. బయటి ప్రపంచానికి తెలిసింది 2016 ఆగస్టులో. అప్పుడు మిగతావాళ్లు టెలిస్కోపులు తిప్పితే అక్కడ ఏమీ లేదు. అది భూమికి సంబంధించినదే అయ్యుండాలని చివరికి ఆ అబ్జర్వేటరీయే చెప్పింది. మొదటి రోజే ఇంకో దేశానికి చెప్పి ఉంటే అసలు ప్రశ్నే మిగిలేది కాదు. మౌనం వల్ల ఒరిగిందేమీ లేదు, సాక్ష్యం మాత్రం చేజారింది.

నింగిచూపు:
మరి చైనా భారీ రేడియో టెలిస్కోపు ఫాస్ట్‌కు తప్ప ఎవరికీ అందనంత బలహీనమైన సంకేతమైతే?

యాంటెన్నా72:
మంచి ప్రశ్న. గుత్తాధిపత్యానికి నిజంగా వీలున్నది అక్కడే. ఫాస్ట్ డిష్ 500 మీటర్లు, ఒకసారికి వాడేది 300 మీటర్ల భాగం. 64 మీటర్ల పార్క్స్‌తో పోలిస్తే వైశాల్యం 22 రెట్లు. రిసీవర్ల నాణ్యత ఒకటే అనుకున్నా, ఫాస్ట్ ఐదు నిమిషాల్లో పట్టే సంకేతానికి పార్క్స్ దాదాపు 40 గంటలు వినాలి. ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు 2020 డిసెంబరులో కూలిపోయాక ఆ తరగతి డిష్ మరొకటి లేదు.

కానీ పుణె దగ్గర ఖొడద్‌లోని మన రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీని మరవకూడదు. 45 మీటర్ల డిష్‌లు 30, కలిపితే సుమారు 47,700 చదరపు మీటర్లు. ఫాస్ట్ వాడే భాగం సుమారు 70,700. సామర్థ్యంలో తేడా ఉన్నా, అన్ని డిష్‌లనూ ఒకే బీమ్‌గా కలిపితే పోల్చదగినంత దగ్గరికి వస్తుంది. ఫాస్ట్ చూసే ఆకాశమంతా జీఎంఆర్‌టీకీ కనిపిస్తుంది. అందుకే ఇలాంటి వేళ భారత్ చేతిలో నిజమైన బలం ఉంది. ప్రాక్సిమా మాత్రం ఈ రెంటికీ అందదు, దక్షిణాన మరీ కిందికి ఉంది. దానికి దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ కావాలి.

పగటిచుక్క:
సైన్యాల చేతిలోని పరికరాల సంగతి వేరు. 1963 అణుపరీక్షల నిషేధ ఒప్పందాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వేలా ఉపగ్రహాలను పంపింది. 1967 జులై 2న అవి విశ్వంలోంచి వచ్చిన ఒక గామా కిరణ విస్ఫోటాన్ని పట్టాయి. లోకానికి ఆ సంగతి తెలిసింది 1973లో, పరిశోధన పత్రం ద్వారా. సైనిక పరికరం డేటా బయటపెడితే దాని సున్నితత్వం ఎంతో ప్రత్యర్థికి తెలిసిపోతుంది. ఆ జాగ్రత్త విశ్వంలోంచి వచ్చినదానికీ వర్తిస్తుంది. కాబట్టి సందేహపడాల్సింది రేడియో డిష్‌ల గురించి కన్నా నిఘా ఉపగ్రహాల గురించి.

2020లో విజియన్, ట్రాఫగన్ అనే ఇద్దరు పరిశోధకులు, సంకేతం మీద గుత్తాధిపత్యం కోసం దేశాలు పోటీపడే ముప్పు ఉందని, సెటీ (గ్రహాంతర నాగరికతల అన్వేషణ) కేంద్రాలకు గట్టి భద్రత కావాలని రాశారు. ఖగోళవేత్త జేసన్ రైట్ బృందం దానికి జవాబిస్తూ, ఆ కాపలాయే అనుమానాలు పెంచుతుందని, డేటాను ముందే తెరిచి పెట్టడమే మేలని వాదించింది. నేను రెండో వాదన వైపే. కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చే పుంజం భూమిని చేరేసరికి భూమి కంటే ఎన్నో రెట్లు వెడల్పవుతుంది. ఒక దేశం మీద పడితే ఆ అర్ధగోళమంతా పడ్డట్టే.

నింగిచూపు:
జవాబును రహస్యంగా పంపితే ఆపగలమా?

దౌత్యం:
ఆపలేం. ఒక ఫ్రీక్వెన్సీ ఇతరుల ప్రసారాలకు అడ్డొస్తుందా లేదా అన్నదే ఐటీయూ చూస్తుంది, అందులో ఏముందో చూడదు. 1974 నవంబరు 16న అరెసిబో నుంచి ఎం13 నక్షత్ర గుచ్ఛం వైపు 1,679 బిట్ల సందేశం వెళ్లింది. ఏ దేశాన్నీ అడగలేదు. బ్రిటన్ ఖగోళవేత్త మార్టిన్ రైల్ అభ్యంతరం చెప్పేసరికే అది వెళ్లిపోయింది. క్రిమియాలోని యెవ్‌పతోరియా 70 మీటర్ల డిష్ నుంచి 1999, 2001, 2003, 2008లలో కూడా పంపారు. రహస్యంగా వినడం కష్టం, పంపడానికి మాత్రం ఒక్క డిష్, కొన్ని నిమిషాలు చాలు. ఒప్పందం ముందు కావలసింది ఇక్కడే.