లండన్ క్యూ ప్యాలెస్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మని తీసుకెళ్ళొచ్చా?

గోదారిపిల్ల:
అందరికీ నమస్తే అండీ. అమ్మా నాన్నా కడియం నుంచి వచ్చారు, శనివారం క్యూ గార్డెన్స్ ప్లాన్. నాన్నది నర్సరీ కాబట్టి మొక్కలుంటే చాలు ఆయనకి, అమ్మ మాత్రం లోపల రాజుగారి కోట ఉందంటగా అది చూపించు అని ఒకటే గోల. ప్యాలెస్‌కి వేరే టికెట్ తీసుకోవాలా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు, ఏ గేటు అయితే దగ్గర? అసలు చూడ్డానికి ఏమన్నా ఉంటుందా అందులో?

బ్రెంట్‌ఫర్డ్ బాబాయ్:
వేరే టికెట్ అక్కర్లేదమ్మా, గార్డెన్స్ టికెట్‌లోనే ప్యాలెస్ కూడా వచ్చేస్తుంది. ఒక్కటే మెలిక, ప్యాలెస్ చలికాలం మూసేస్తారు, తెరిచే నెలల్లో కూడా తోట కంటే ముందే తలుపులు వేసేస్తారు, అందుకే వెబ్‌సైట్‌లో ప్యాలెస్ టైమింగ్స్ విడిగా చూసుకో. చాలామంది విక్టోరియా గేట్‌లోంచి వెళ్ళి పామ్ హౌస్ అనే పెద్ద అద్దాల ఇంటి దగ్గర ఫొటోలు దిగి, తినేసి, తీరిగ్గా ప్యాలెస్ దగ్గరికి పోయేసరికి క్లోజ్. మీరు ముందు ప్యాలెస్ చూసేయండి, తోట ఎక్కడికీ పోదు. కారుంటే బ్రెంట్‌ఫర్డ్ గేటు, పార్కింగ్ పక్కనే, ప్యాలెస్ కూడా దగ్గరే. వీల్‌చైర్లు ఫ్రీగానే ఇస్తారు గానీ ముందే బుక్ చేసుకో.

ఇంకో మాట, కోట అని మాత్రం చెప్పకు అమ్మకి. 1631లో శామ్యూల్ ఫోర్ట్రీ అనే వ్యాపారి కట్టుకున్న ఎర్ర ఇటుకల ఇల్లది, రాజకుటుంబం వాళ్ళు తర్వాతెప్పుడో తీసుకున్నారు. బ్రిటన్ రాజభవనాల్లోకెల్లా చిన్నది. మైసూర్ ప్యాలెస్ ఊహించుకుని వచ్చిన మా అత్తగారు గుమ్మంలోనే "ఇంతేనా" అన్నారు.

హౌన్స్‌లో అక్క:
బాబాయ్ గారూ, కథ చెప్పి తీసుకెళ్తే ఎవరూ అలా అనరండీ. బ్రిటన్ రాజు మూడో జార్జ్, ఆయన భార్య షార్లెట్ రాణి, పిల్లలు కాపురమున్న ఇల్లు, ఆయనకి మతి చలించినప్పుడు క్యూలోనే ఉంచి వైద్యం చేశారు. 1818 జులైలో రాణికి బాగా జబ్బుగా ఉంటే ఆవిడ కళ్ళతో చూడాలని ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళు ఇంట్లోనే ఒకే రోజు చేసేశారు, అందులో ఒకాయనకి పుట్టిన కూతురే విక్టోరియా రాణి. అదే ఏడాది నవంబర్‌లో షార్లెట్ ఇక్కడే కుర్చీలో కూర్చునే పోయారు.

@గోదారిపిల్ల, పక్కనే విడిగా ఉన్న వంటిల్లు మాత్రం మిస్ అవ్వొద్దు, నన్నడిగితే ప్యాలెస్ కన్నా అదే బావుంటుంది. రాణి పోయాక వాడకం ఆపేసి వదిలేశారు, 2012లో జనానికి తెరిచారు. పెద్ద బల్ల, రోస్టింగ్ పొయ్యి, వాటి దగ్గరే రాజుగారి స్నానాల తొట్టి! వేడినీళ్ళు పనివాళ్ళు ఇంట్లోకి మొయ్యక్కర్లేకుండా ఆయనే వంటింటికొచ్చి స్నానం చేసేవాడట. అమ్మలకి ఇది చెప్పండి, ఇక అక్కడి నుంచి కదలరు.

గోదారిపిల్ల:
హహ అక్కా, మా నాన్నకి కూడా చెప్తా ఈ ముక్క. కారు లేదండీ మాకు. పులిహోర తెచ్చుకోవచ్చా?

బ్రెంట్‌ఫర్డ్ బాబాయ్:
పచ్చికలో కూర్చుని హాయిగా తినొచ్చు, ప్యాలెస్ లోపల మాత్రం బాక్స్ తియ్యకండి. కారు లేకపోతే క్యూ బ్రిడ్జ్ స్టేషన్ గానీ 65 బస్సు గానీ, దిగి ఎలిజబెత్ గేట్‌లోంచి వెళ్ళండి, విక్టోరియా గేట్ కంటే నడక తక్కువ. లోపల మెట్ల సంగతి తలుపు దగ్గర స్టాఫ్‌ని అడుగు, లిఫ్ట్ ఉంది.

సామర్లకోట కుర్రాడు:
అక్కా, నాన్నగారిని ప్యాలెస్ వెనక క్వీన్స్ గార్డెన్‌కి తీసుకెళ్ళండి. 1969లో పెట్టిన తోటే గానీ 17వ శతాబ్దం పద్ధతిలో వేశారు, బాక్స్ అనే పొద మొక్కల్ని కత్తిరించి చేసిన కంచెలు, ఆ కాలానికి తెలిసిన మొక్కలే. మందుమొక్కల దగ్గర ఏది దేనికి వాడేవాళ్ళో బోర్డుల మీద రాసుంటుంది, అక్కడ ఆయన్ని లాక్కురావడం మీ వల్ల కాదు. మే చివర్లో అయితే లాబర్నమ్ పందిరి పసుప్పచ్చగా వేలాడుతూ అచ్చం మన రేల పూలలా ఉంటుంది, కాకపోతే రేల గుజ్జు మందు, ఇది కాయతో సహా విషం, పిల్లలుంటే జాగ్రత్త.

ఇంకోటి, మా ఊరి గొప్ప అనుకోకండి, 1780ల్లో సామర్లకోటలో తోట పెట్టి కోస్తా మొక్కలన్నీ మన చిత్రకారులతో బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ బొమ్మల సెట్ ఒకటి క్యూలోనే ఉంది. తోటలో పెట్టరు గానీ నాన్నగారికి చెప్తే సంతోషిస్తారు.

హౌన్స్‌లో అక్క:
అమ్మకి ఒకటి ముందే చెప్పు, పూజకని ఒక్క పువ్వు కూడా కొయ్యకూడదు. మా అమ్మ చెయ్యి చాపితే నేను పట్టుకున్నాను 😄