గుండె బలహీనంగా ఉన్నప్పుడు వేగం తగ్గించే మాత్ర ఎందుకు?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారికి 64 ఏళ్లు, మిర్చి యార్డులో గుమస్తాగా చేశారు. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందంటే ఎకో (గుండె స్కాన్) తీయించాం. ఈఎఫ్, అంటే గుండె తనలో నిండిన రక్తంలో ఒక్కోసారి బయటికి పంపే వంతు, 35 శాతమే ఉంది, మామూలుగా 55 పైన ఉండాలట.

డాక్టరుగారు మెటోప్రోలాల్ రాశారు. అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నా సందేహం అక్కడే. ఆరోగ్యంగా ఉన్న గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది, నిమిషానికి 72 సార్లంటే దాదాపు 5 లీటర్లు. ఒక్కోసారి పంపేది తగ్గినప్పుడు వేగమైనా పెరగాలి కదా? దాన్నీ తగ్గిస్తే ఒంటికి రక్తం ఎలా చాలుతుంది? నెమ్మదిగా కొట్టుకుంటే గుండె నిండడానికి సమయం దొరుకుతుందని, ఎక్కువ నిండితే కండరం ఇంకా గట్టిగా ముడుచుకుంటుందని చదివాను. ఇప్పటికే సాగిపోయిన గుండెకి కూడా అంతేనా?

రోజూ పొద్దున్నే నాన్నగారి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెడుతున్నాను. 88 ఉండేది, ఇప్పుడు 60. వేళ్ల కింద కాస్త ఆలస్యమైతే చాలు, నాకు టెన్షన్. మాత్ర ఆపే ఉద్దేశం లేదు, వచ్చే వారం మళ్లీ చూపిస్తున్నాం. ఈలోగా తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పరూ?