వెనకింటి గాడిపొయ్యి పొగతో అత్తయ్యగారికి ఊపిరాడట్లేదు, ఏం చెయ్యమంటారు?

రాజమండ్రి టీచర్

అందరికీ నమస్కారమండి. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

మాది రాజమండ్రి. ఇరవై రెండేళ్లుగా ఒకటే వీధి, ఒకటే ఇల్లు. మేం పైవాటాలో ఉంటాం. వెనకింటివాళ్లు వంటల కాంట్రాక్టు చేస్తారు. పెళ్లిళ్లు, వ్రతాలు, దినాలు అన్నిటికీ వాళ్ల పెరట్లోనే వండి ఆటోల్లో పంపిస్తారు. మా వంటింటి కిటికీకీ వాళ్ల గాడిపొయ్యికీ మధ్య పట్టుమని పన్నెండడుగులు లేదు. పైన రేకులషెడ్డు, పొగగొట్టం లేదు. షెడ్డు చూరు సరిగ్గా మా కిటికీ ఎత్తులో ఉంటుంది.

ముహూర్తాలున్న రోజుల్లో తెల్లవారుజామున మూడున్నరకి పొయ్యి రాజేస్తారు. ముందు కట్టె చీల్చే చప్పుడు వినిపిస్తుంది. అది వినపడగానే లేచి కిటికీలు మూసేస్తాను, అయినా లాభం ఉండదు. కిటికీ రెక్క కింద చిటికెనవేలు పట్టేంత సందుంది, అందులోంచి పొగ పాకుతూ వస్తుంది. లైటు వేస్తే గదంతా పలచటి పాలు కలిపినట్టు కనపడుతుంది. మా అత్తయ్యగారికి డెబ్బై ఆరేళ్లు, ఆయాసం మనిషి. పక్కమీద లేచి కూర్చుని రెండు చేతులూ పరుపు అంచుమీద ఆనించి, భుజాలు పైకి ఎగేసుకుంటూ గాలి కోసం చూస్తారు. నెబ్యులైజర్ పెడతాను. ఇరవై నిమిషాలకి మాట వస్తుంది. వచ్చిన మొదటి మాట, "వాళ్లనేం అనకే."

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. వెనకింటి బాబాయిగారు మాకు మేలు చేసినమనిషి. మా మామయ్యగారు పోయినప్పుడు పదకొండోరోజు భోజనాలు ఆయనే వండారు, కట్టెల డబ్బులు కూడా పుచ్చుకోలేదు. కిందటి కార్తీకంలో ఒకసారి చెప్పి చూశాను. "ఈ నెల వెళ్లనీ అమ్మా" అన్నారు. వెళ్లింది. పుష్యమాసంలో ముహూర్తాలు లేవు కదా, ఆ నెల్లాళ్లూ గాడి వెలగలేదు. చలి మాత్రం గజగజ వణికించింది. అయినా ఆ నెలలో అత్తయ్యగారికి నెబ్యులైజర్ మూడంటే మూడుసార్లే పెట్టాను, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. అందరూ చలికి ఆయాసం అంటారు. చలి ఉంది, ఆయాసం లేదు. మాఘం రాగానే మళ్లీ రోజూ.

ఈమధ్య ఇంకోటి మొదలైంది. ఎక్కడో ఫర్నిచర్ పనివాళ్ల దగ్గర ప్లైవుడ్ ముక్కలు, సన్‌మైకా అంటించినవి, బస్తాల్లో తెప్పిస్తున్నారు. రాజేయడానికి అవే వేస్తున్నారు. ఆ రోజుల్లో పొగ తెల్లగా ఉండదు, నల్లగా వస్తుంది. నాలుక చివర చేదు తగులుతుంది. కిటికీ ఊచమీద తెల్లగుడ్డ ఆరేసి ఒక్కరోజు ఉంచాను. సాయంత్రానికి మీద గోధుమరంగు జిడ్డు పట్టింది, సబ్బుపెట్టి రెండుసార్లు ఉతికినా వదల్లేదు. అదే జిడ్డు అత్తయ్యగారి ఊపిరితిత్తుల్లో కూడా పేరుకుంటోందేమో అనిపించి ఆ గుడ్డ పారేయలేక దాచాను.

ఆయన పొట్టకొట్టాలని నాకు లేదు. అలాగని చూస్తూ ఊరుకోనూ లేను. చట్టం ఏమంటుంది? పొగ రాకుండా కట్టెలమీద వండే దారి ఏదైనా ఉందా? ఈలోపు ఆవిడని ఎలా కాపాడుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు

దినాలకి ఊరికే వండిపెట్టిన మనిషిమీద కంప్లయింటా అండి? కట్టెలపొయ్యి కొత్తగా వచ్చిందా? మన నాయనమ్మలందరూ ఆ పొగలోనే వండారు, నిక్షేపంలా బతికారు. తలుపేసుకుంటే సరి.

రాజమండ్రి టీచర్

బతికారండి. ఎలా బతికారో నేను చూశాను. మా అమ్మ పచ్చి కంపతో, తడిసిన పిడకలతో వండింది. ఊదుగొట్టం ఊది ఊది ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. నేను స్కూలునుంచి వచ్చేసరికి వంటింటి గడపమీద కూర్చుని దగ్గుతూ ఉండేది. 1999లో దీపం పథకం వచ్చింది, డ్వాక్రా సంఘం ద్వారా అమ్మకి గ్యాస్ బండ ఇచ్చారు. మొదటిరోజు పొయ్యి వెలిగించి, ఊదాల్సిన పని లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది. కానీ దగ్గు మాత్రం చివరిదాకా పోలేదు. నాయనమ్మలు బతికారనడం తేలిక. ఒక్కరి దగ్గునైనా రాత్రంతా మేలుకుని వినుంటే ఆ మాట రాదు.

రిటైర్డ్ గుమస్తా

అమ్మా, ఆర్డీవో ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

పాత సీఆర్‌పీసీలో, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, 133వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది, అందులో 152వ సెక్షన్ అదే. జనం ఆరోగ్యానికి, సుఖానికి భంగం కలిగించే వ్యాపారాన్ని ఆపమనిగానీ, వేరేచోటికి మార్చమనిగానీ, పద్ధతిగా చేసుకోమనిగానీ ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వొచ్చు. ముందు షరతుతో కూడిన ఉత్తర్వు వస్తుంది. ఎదుటివారికి వచ్చి తన మాట చెప్పుకునే అవకాశం ఉంటుంది. ఆ పాత 133వ సెక్షన్ మీదే 1980లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని రత్లాం మునిసిపాలిటీ కేసులో గట్టి తీర్పు ఇచ్చింది. వార్డులో మురుగు కంపు భరించలేక జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే, మునిసిపాలిటీ డబ్బుల్లేవంది. ఆ సాకు చెల్లదంది కోర్టు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది నలుగురికీ కలిగే ఇబ్బంది అయితేనే. మీ ఒక్క ఇంటికే అయితే సివిల్ కోర్టుకి పొమ్మంటారు. కాబట్టి చుట్టుపక్కల ఎన్నిళ్లలోకి పొగ వెళ్తోందో చూసి సంతకాలు తీసుకోండి. తేదీ, టైము వేసి నోటుబుక్కు రాయండి. డాక్టరు చీటీలు అందులోనే పెట్టండి. ఆ గుడ్డ పారేయకుండా మంచిపని చేశారు. ఆర్డీవో దాకా వెళ్లేముందు మునిసిపల్ కార్పొరేషన్‌లో ఇవ్వండి, కాలుష్య నియంత్రణ మండలికీ ఒక కాపీ పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, అక్కడ రసీదు ఇస్తారు. రసీదు లేకుండా ఏ కాగితమూ ఇచ్చి రాకండి.

నా అనుభవంలో ఇలాంటివాటిలో సగం, కాగితం తయారుగా ఉందని ఎదుటివారికి తెలిస్తే చాలు, సర్దుకుంటాయి. చెప్పకుండా పెడితే మాత్రం జన్మలో మాట్లాడుకోరు.

భీమవరం వంటమేస్త్రి

టీచరుగారూ, నేనూ ఆ పనే చేస్తానండి, ఇరవై ఆరేళ్లుగా. మావాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. నలభై కిలోల బియ్యం గుండిగకి గ్యాస్ బర్నరు మంట నడిమధ్యన తగుల్తాది, చుట్టూ తగలదు. అడుగు మాడి పైన పలుకుంటాది. గాడిలో మంట గుండిగ అడుగంతా పరుచుకుంటాది. అందుకే అన్నానికి ఇంకా కట్టెలు వదల్లేకపోతున్నాం. కూరలు, పులుసులు, వేపుళ్లు మాత్రం నేను 19 కిలోల గ్యాస్ బండమీదే చేసేస్తున్నాను.

అయితే పొగ వచ్చిందంటే కట్టె కాలట్లేదని అర్థం. కాలకుండా పొగైపోయిందంటే డబ్బులు గాల్లోకి పోయినట్టే. అడితిలో కట్టెలు తూకానికి అమ్ముతారు కదా. పచ్చికట్టె బరువుంటాది. అంటే నీళ్లకి డబ్బులిచ్చి కొంటున్నాం, మళ్లీ ఆ నీళ్లు ఆవిరి చెయ్యడానికి ఇంకో కట్టె తగలేస్తున్నాం. సరుగుడు దుంగలు గుండ్రంగా ఉన్నట్టే వేస్తే లోపల తడి ఆరదు. చీల్చి, ఇటుకలమీద పేర్చి, పైన రేకు వేసి, పక్కలు గాలికి వదిలెయ్యాలి. వర్షాకాలం ముందు కొని పెట్టుకుంటే కార్తీకానికి ఆరతాయి. రెండు ముక్కలు తీసి కొట్టి చూడండి. ఆరినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే దబ్బుమంటాయి.

గాడిలో కట్టెలు నేలమీద పడేసి కుక్కేస్తే కింద గాలాడదు. అడుగున ఇనపఊచలు అడ్డంగా వేసి దానిమీద పేర్చాలి, బూడిద కిందకి దిగిపోతాది. రాజేయడానికి ఎండు కొబ్బరిడొక్కలు చాలు. ప్లైవుడ్ వద్దని చెప్పండి, అది వంటమీద కూడా దిగుతాది. అన్నిటికంటే పొగ ఎప్పుడు వస్తాదో తెలుసా అండి? వంట అయిపోయాక నీళ్లు చల్లి ఆర్పినప్పుడు. నీళ్లు చల్లకూడదు. కొరకంచులు బయటికి లాగి ఇసకలో గుచ్చితే ఆరిపోతాయి.

ఇంకోటండి. ఆయన దగ్గుతున్నాడేమో గమనించండి. మీకు పన్నెండడుగుల దూరం ఉంది. ఆయనకి మూరెడు కూడా లేదు.

కాకినాడ సిస్టర్

స్టాఫ్ నర్స్‌ని, ఊపిరితిత్తుల వార్డులో పదకొండేళ్లుగా ఉన్నాను. ముందు మీ అత్తయ్యగారి సంగతి.

తడిగుడ్డ కిటికీకి కడితే ఆగుతుందని చాలామంది చెబుతారు, ఆగదండి. కంటికి కనపడే మసి కొంత ఆగుతుందేమో. లోపలికి దిగి హాని చేసేది రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న నలుసు. మన తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు ఉంటుంది. మన దేశంలో ఆ నలుసుకి రోజు సగటున ఘనమీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 చాలంది. ఆయాసం ఉన్నవారికి అంతకంటే తక్కువైనా పడదు.

పొగ మొదలయ్యాక కాదు, అంతకుముందే, పడుకునేటప్పుడే ఆ వైపు కిటికీలు మూసెయ్యండి. సందుకి టేపు అంటించండి. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, దాని పైది వెచ్చగా ఉంటుంది. మూతపెట్టినట్టు పొగ కిందే ఉండిపోతుంది. ఎండెక్కి తొమ్మిదిన్నర, పది అయ్యాకే కిటికీలు తియ్యండి. పొగ ఉన్నంతసేపు మీ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యొద్దు. అది లోపలి గాలి బయటికి తోసేకొద్దీ సందుల్లోంచి బయటి పొగ లోపలికి లాగుతుంది. ఆవిడ గదిలో దోమలచక్రం, అగరుబత్తి, సాంబ్రాణి మానెయ్యండి. వీలైతే ఆ ఒక్క గదికి, అంత సన్న నలుసుని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టండి.

ప్లైవుడ్ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. మీకు నాలుకమీద తగిలిన చేదు ఊహ కాదు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. నెబ్యులైజర్ రోజూ వాడాల్సి వస్తోందంటే డాక్టరుకి చూపించి మందులు మార్పించాలి. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, తెల్లారనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చెయ్యండి.

రెడింగ్ నుంచి

ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ చాలా ఇళ్లకి గ్యాస్ హీటింగ్ ఉన్నా, ముచ్చటకి కట్టెల స్టవ్ పెట్టించుకునేవాళ్లు చాలామంది. 1952 డిసెంబరులో లండన్‌లో పొగమంచు కమ్మి వేలమంది చనిపోయాక 1956లో చట్టం తెచ్చారు. కొన్ని ప్రాంతాల్లో పొగగొట్టంలోంచి పొగ రాకూడదు. వస్తే ఇంగ్లండ్‌లో 175 నుంచి 300 పౌండ్లదాకా జరిమానా. 2021 మే నుంచి చిన్న మోపుల్లో అమ్మే కట్టెల్లో తడి 20 శాతం దాటకూడదు. ఇన్ని ఉన్నా శీతాకాలం సాయంత్రం మా వీధిలో నడుస్తుంటే జాకెట్‌కి పొగవాసన పడుతుంది. మా బాబు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకునే ఆడుకోవడానికి వెళ్తాడు. పక్కింటి పెద్దాయనకి నేనే కట్టెల తడి చూసే మీటరు కొనిచ్చాను, చూసి ఆశ్చర్యపోయాడు. మేస్త్రిగారు చెప్పిన ఖంగు, దబ్బు పరీక్ష ఆయనకి చెప్పి తీరతాను.

రాజమండ్రి టీచర్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ దణ్ణం.

గుమస్తాగారు చెప్పినట్టు నోటుబుక్కు రాశాను. ఆరిళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. పక్కవీధిలో పసిబిడ్డ తల్లి అయితే నేను అడక్కముందే పెన్ను తీసుకుంది. ఆ కాగితం బీరువాలోనే ఉంది. ఉందని బాబాయిగారికి ఎదురుగా కూర్చుని చెప్పాను. దాచి చేస్తే ఆ పదకొండోరోజు భోజనానికి ద్రోహం చేసినట్టు ఉంటుందనిపించింది. ఆయన ముఖం మాడిపోయింది. "సరే, పెట్టుకోండి" అని లేచిపోయారు. రెండ్రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడోరోజు తెల్లవారుజామున నాలుగింటికి నేనే మెట్లు దిగి వెళ్లి, "ఒక్కసారి పైకి రండి బాబాయిగారూ" అన్నాను. ఎందుకని అడగలేదు, చేతిలో తెడ్డు అలాగే పట్టుకుని వచ్చారు. అత్తయ్యగారి గదిలో స్టూలు వేశాను. ఆవిడ మాస్కు పెట్టుకుని నెబ్యులైజర్ పీలుస్తున్నారు, పలకరించలేకపోయారు, చెయ్యి మాత్రం ఊపారు. ఆయన అయిదు నిమిషాలు కూర్చున్నారు. తర్వాత భుజంమీది తువ్వాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. "పైకి ఇంతొస్తందనుకోలేదమ్మా" అన్నారు. మెట్లు దిగుతూ ఆయనా దగ్గారు. మేస్త్రిగారి మాట గుర్తొచ్చింది.

ఆ రోజునుంచి ప్లైవుడ్ బస్తాలు ఆగాయి. పెద్ద ఆర్డర్లకి అన్నం ఫంక్షన్ హాలు దగ్గరే వండుతున్నారు, కూరలకి గ్యాస్ బట్టీ తెచ్చారు. పొగ పోయిందా అంటే పూర్తిగా పోలేదు. పోయిన గురువారం హఠాత్తుగా ఆర్డరొచ్చి పచ్చికట్టె తెచ్చారు, అత్తయ్యగారికి మళ్లీ రెండుసార్లు మాస్కు పెట్టాల్సివచ్చింది. అది కూడా నోటుబుక్కులో రాశాను, ఆయనకి చూపించాను. కాగితం మాత్రం చించలేదు, చించను కూడా.

మేస్త్రిగారూ, మీతో ఒక పని పడింది. గాడిలో వేసే ఇనపఊచలు నేలకి ఎంత ఎత్తులో ఉండాలో కనుక్కోమని బాబాయిగారు అడిగారు. రేపు వెల్డింగ్ షాపుకి వెళ్తున్నారట.

భీమవరం వంటమేస్త్రి

జానెడు ఎత్తు పెట్టమనండి. ఊచకీ ఊచకీ మధ్య రెండు వేళ్ల సందు చాలు. గాడి మూతి గాలి వచ్చేవైపు ఉందో లేదో కూడా చూసుకోమనండి, లేకపోతే ఊచలు వేసినా గుండిగ వెనకనుంచి పొగ తన్నుద్ది. నా ఫోన్ నంబరు మీకు విడిగా పంపిస్తాను, ఆయన్నే మాట్లాడమనండి.