ఫ్యామిలీ క్రూజ్: షిప్ చూసి బుక్ చేయాలా, రూట్ చూసి బుక్ చేయాలా?

నీలికెరటం:
అందరికీ నమస్తే. ఆరుగురం వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, 11 ఏళ్ళ బాబు, 5 ఏళ్ళ పాప, అత్తయ్య, మామయ్య. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పి, కాస్త నడిస్తే కూర్చోవాలి. ఏడు రాత్రుల ట్రిప్, ఎండాకాలం సెలవుల్లోనే కుదురుతుంది. ఇంట్లో మూడు ఆప్షన్ల మీద పెద్ద డిస్కషన్ నడుస్తోంది: మయామీ నుంచి రాయల్ కరీబియన్ కంపెనీ షిప్ ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో వెస్టర్న్ కరీబియన్, బార్సిలోనా నుంచి ఎమ్మెస్సీ కంపెనీ షిప్‌లో వెస్టర్న్ మెడిటరేనియన్, లేదంటే అలాస్కా. మా ఆయన ఏమంటారంటే పిల్లలు ఎలాగూ షిప్ దిగమన్నా దిగరు, షిప్ బాగుంటే చాలు, అది ఎటు పోతే మనకేంటి అని. నాకేమో అంత దూరం వెళ్ళి స్విమ్మింగ్ పూల్ చూసి రావడానికి మనసు ఒప్పట్లేదు. మీరైతే ఏది ముందు చూస్తారు?

డెక్‌పదిహేను:
మీ ఆయన చెప్పిందే కరెక్ట్ అండి. ఏడు రోజుల్లో మీరు పోర్టుల్లో గడిపేది తక్కువే, మిగతాదంతా షిప్ మీదే కదా. ఐకాన్ 2024 జనవరిలో మొదలైంది, 2,48,663 గ్రాస్ టన్నులు, 20 డెక్కులు, పొడవు 365 మీటర్లు. సైజు గొప్ప అని చెప్పట్లేదు, ఆ సైజు వల్ల ఏమైందంటే చిన్న పిల్లలున్న వాళ్ళకి సర్ఫ్‌సైడ్ అని విడిగా ఒక ఏరియానే కట్టగలిగారు, నీళ్ళ ఆటలు, రంగులరాట్నం, పక్కనే తిండి, పక్కనే పెద్దవాళ్ళు కూర్చునే చోటు, అన్నీ ఒక్క దగ్గరే. పాప అక్కడ ఆడుతుంటే అత్తయ్యగారు కుర్చీలోంచే చూసుకోవచ్చు. బాబుకి వాటర్ పార్క్‌లో ఆరు స్లయిడ్లు ఉన్నాయి, వాడు పైనుంచి కిందికి దిగనే దిగడు. పిల్లలతో ట్రిప్ అంటే సాయంత్రానికి ఎవరూ ఏడవకుండా ఉండటమే, అది షిప్ చేతిలో ఉంటుంది గానీ రూట్ చేతిలో కాదు.

లంగరు:
డెక్‌పదిహేను గారూ, అలాగైతే క్రూజ్ ఎందుకండి, మంచి వాటర్ పార్క్ ఉన్న రిసార్ట్‌కి పోతే సరిపోదూ? షిప్ కదులుతుంది కాబట్టే కదా డబ్బు పెడుతున్నాం. నీలికెరటం గారూ, నేను రూట్ పార్టీ. కాకపోతే రూట్ అంటే బ్రోషర్‌లో ఊళ్ళ పేర్లు లెక్కపెట్టడం మాత్రం కాదు, ఆ పేర్ల వెనక ఏముందో చూడాలి. మెడిటరేనియన్‌లో "రోమ్" అని రాస్తారు, షిప్ ఆగేది చివిటవెక్కియాలో, అక్కడి నుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. "ఫ్లోరెన్స్" అంటారు, ఆగేది లివోర్నోలోనో లా స్పెజియాలోనో, బస్సులో గంటన్నర దాకా పడుతుంది. "వెనిస్" సంగతి ఇంకో రకం, 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన షిప్పుల్ని ఊరి మధ్య గియుదెక్కా కాలువలోకి రానివ్వట్లేదు, అందుకే కొన్ని మార్గెరాలో ఆగుతాయి, కొన్ని రవెన్నా, త్రియెస్తే లాంటి వేరే ఊళ్ళలోనే ఆపేసి అక్కడి నుంచి బస్సు అంటాయి. ఇవన్నీ చూసుకుని కూడా నేను మెడిటరేనియన్‌కే ఓటేస్తాను, ఎందుకంటే నేపుల్స్ లాంటి చోట రేవు దిగి రోడ్డు దాటితే ఊళ్ళో ఉంటాం, మాల్టాలో వలెట్టా అయితే షిప్ కోట గోడల కిందికే వస్తుంది, పైకి ఎక్కడానికి లిఫ్ట్ కూడా ఉంది. నేపుల్స్ దగ్గరే ఉన్న, ఒకప్పుడు అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపే ఊరిని 11 ఏళ్ళ పిల్లాడికి చూపిస్తే వాడు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు, స్లయిడ్ గుర్తుండదు.

కిటికీపక్క:
షిప్పా రూటా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ మోకాళ్ళ నొప్పి ఉన్న మామయ్యగారి మాట ఎవరూ ఎత్తట్లేదు. నేను అమ్మతో వెళ్ళినప్పుడు చూసింది చెప్తాను. ఒక దీవి దగ్గర రేవు లేదు, షిప్ సముద్రంలోనే లంగరేసి చిన్న బోట్లలో ఒడ్డుకి తీసుకెళ్ళారు, టెండర్ అంటారు దాన్ని. కింది డెక్‌లో తలుపు తీశారు, బోటు అలకి ఒక అడుగు పైకి లేస్తుంది, మళ్ళీ ఒక అడుగు కిందికి పోతుంది. క్రూ ఇద్దరు అటూ ఇటూ నిలబడి మోచేతులు పట్టుకుని, బోటు షిప్ అంచుకి సమానంగా వచ్చిన ఆ క్షణంలో "ఇప్పుడు" అంటారు, అప్పుడు అడుగు వేసేయాలి. మా ముందున్న పెద్దాయన రెండుసార్లు కాలు ఎత్తి వెనక్కి తీసుకున్నారు. అమ్మ అది చూసి నేను రాను, మీరు పోండి అనేసింది. క్రూ తప్పేం లేదు, వాళ్ళు చాలా జాగ్రత్తగానే చేశారు, కాకపోతే ఆ అడుగు అందరూ వేయలేరు, వీల్‌చెయిర్ అయితే అల ఎక్కువున్నప్పుడు అసలు ఎక్కించుకోరు. కరీబియన్‌లో గ్రాండ్ కేమన్ టెండరే, గ్రీస్‌లో శాంటోరినీ టెండరే, పైగా శాంటోరినీలో ఒడ్డుకి చేరాక కూడా కేబుల్ కార్ లైన్‌లో నిలబడాలి, లేదంటే దాదాపు 600 మెట్లు.

కాబట్టి నీలికెరటం గారూ, ఏ రూట్ అయినా ముందు ప్రతి పోర్టు పక్కన రెండు విషయాలు రాసుకోండి, రేవా టెండరా, రేవు దగ్గర్నుంచి చూడాల్సిన చోటికి ఎంతసేపు. ఈ రెండూ రాశాక సగం వాదన దానంతటదే తేలిపోతుంది.

డెక్‌పదిహేను:
అదే కదండి నేను చెప్పేదీ. పెద్దవాళ్ళుంటే పోర్టులు తక్కువ, సముద్రంలో రోజులు ఎక్కువ ఉన్న రూట్ తీసుకోవాలి. వెస్టర్న్ మెడిటరేనియన్‌లో దాదాపు రోజుకో పోర్టు, పొద్దున ఏడింటికి లేచి బస్సు, సాయంత్రం వచ్చి పడిపోవడం, మళ్ళీ పొద్దున ఏడింటికి. 5 ఏళ్ళ పాప మూడో రోజుకే మొండికేస్తుంది. కరీబియన్‌లో రెండు మూడు రోజులు సముద్రం మీదే ఉంటారు, పైగా రాయల్ కరీబియన్ వాళ్ళ సొంత దీవి కోకోకేలో రేవు ఉంది, టెండర్ గొడవ లేదు, నడవలేని వాళ్ళకి ట్రామ్ కూడా తిరుగుతుంది. బీచ్ ఫ్రీ, మామూలు భోజనం ఫ్రీ, వాటర్ పార్క్‌కి మాత్రం విడిగా కట్టాలి, అది ముందే తెలుసుకుని వెళ్ళండి.

చిన్నకుటుంబం:
ఎవరూ డిస్నీ పేరెత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. రేటు ఎక్కువే, అందులో డౌట్ లేదు. కానీ వాళ్ళు చేసే రెండు పనులు నాకు చాలా నచ్చాయి. క్యాబిన్లలో చాలావాటికి బాత్రూమ్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక దాంట్లో షవర్, ఇంకో దాంట్లో టాయిలెట్, రెండింట్లోనూ సింక్, పొద్దున్నే నలుగురు తయారవ్వాలంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది. రెండోది, రోజుకో రెస్టారెంట్‌కి మారుస్తారు గానీ వడ్డించే వాళ్ళు మాత్రం మీతోపాటే వస్తారు, రెండో రోజు నుంచే పాప ఏం తింటుందో ఏం తినదో వాళ్ళకి గుర్తుంటుంది.

అయితే నీలికెరటం గారి పిల్లల వయసులకి ఒక చిక్కుంది. డిస్నీలో చిన్నపిల్లల క్లబ్ 3 నుంచి 10 ఏళ్ళ వరకే, 11 రాగానే వేరే క్లబ్. అంటే అన్నయ్య ఉన్నాడు కదా అని చెల్లిని పంపడం కుదరదు. మా పాపకి ఐదేళ్ళప్పుడు అన్న పక్కన లేకపోతే గుమ్మం దాటేది కాదు, మీ పాప ఎలాంటిదో మీకే తెలియాలి. ఎమ్మెస్సీలో కూడా 3 నుంచి 6 వరకు ఒకటి, 7 నుంచి 11 వరకు ఒకటి. యూరప్‌లో ఎమ్మెస్సీ అంటే ఇంకోటి, చాలా పోర్టుల్లో కొత్త వాళ్ళు ఎక్కుతారు, పాతవాళ్ళు దిగుతారు, అనౌన్స్‌మెంట్లు నాలుగైదు భాషల్లో వరసగా వస్తాయి. నాకది బానే అనిపించింది గానీ నిన్న ఆడుకున్న పిల్ల ఇవాళ దిగిపోతే పిల్లలు డల్ అయిపోతారు. చాలా సెయిలింగ్స్‌లో పిల్లలకి టికెట్ లేకుండా పోర్టు చార్జీలే తీసుకుంటారు కాబట్టి ఖర్చు మాత్రం బాగా కలిసొస్తుంది.

లంగరు:
ఖర్చు దగ్గరికొచ్చాం కాబట్టి ఒక్క మాట. టికెట్ రేటు పక్కపక్కన పెట్టి పోల్చకండి. రోజుకి మనిషికింత అని టిప్స్ వేస్తారు, వైఫై, పోర్టుల్లో టూర్లు, ఇవన్నీ ఆరుగురికి కలిపితే మొత్తం లెక్క తారుమారవుతుంది. ఇంకోటి, కరీబియన్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాన్ సీజన్, ఎండాకాలం సెలవులు సగం అందులోకే వస్తాయి. షిప్ తుఫాన్‌లోకి పోదులెండి, రూట్ మార్చేస్తారు, ఆ హక్కు టికెట్ కాంట్రాక్ట్‌లోనే రాసుకుంటారు. రూట్ చూసి బుక్ చేసినవాళ్ళకి అది బాధే.

ఉత్తరదిక్కు:
మూడో ఆప్షన్ గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. అలాస్కా అంటే ముసలివాళ్ళ ట్రిప్ అని చాలామంది అనుకుంటారు, నా లెక్కలో మూడు తరాలు కలిసి వెళ్ళడానికి ఇంతకంటే మంచి రూట్ లేదు. కిటికీపక్క గారు చెప్పిన ఆ రెండు విషయాలే రాసి చూడండి. కెచికాన్, జూనో, స్కాగ్వే, మూడింట్లోనూ మామూలుగా షిప్ రేవులోనే ఆగుతుంది, ఊరు రేవు నుంచే మొదలవుతుంది. జూనోలో కొండ మీదికి తీసుకెళ్ళే ట్రామ్ రేవు పక్కనే. స్కాగ్వేలో 1898లో కట్టడం మొదలుపెట్టిన వైట్ పాస్ రైలు రేవు దగ్గరికే వస్తుంది, ఎక్కి కూర్చుంటే కొండ అంచున పైకి తీసుకెళ్ళి దింపకుండానే వెనక్కి తెస్తుంది. మామయ్యగారు కూర్చునే అన్నీ చూడొచ్చు, పాప కిటికీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది, బాబు బోగీ చివర బాల్కనీలా ఉండే చోట నిలబడతాడు. ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు.

ఇక గ్లేసియర్ బే రోజు, అంటే మంచునదులు (గ్లేసియర్లు) సముద్రంలోకి దిగే నేషనల్ పార్క్. ఆ రోజు ఎవరూ దిగరు, షిప్పే లోపలికి పోతుంది. రోజుకి రెండు క్రూజ్ షిప్పుల్నే రానిస్తారు, నేషనల్ పార్క్ రేంజర్లు పడవలో వచ్చి షిప్ ఎక్కి మైక్‌లో వివరిస్తారు. మంచుగోడ ముందు షిప్ ఆపి మెల్లగా తిప్పుతారు, రెండు వైపుల వాళ్ళకీ కనిపించాలని. మంచు విరిగినప్పుడు ముందు ముక్క పడటం కనిపిస్తుంది, శబ్దం కాసేపాగి వస్తుంది, ఉరుములాగా. నా పక్కన ఉన్న పిల్లలందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. షిప్పా రూటా అనే ప్రశ్న అక్కడ పనిచేయదండి, షిప్ మీద కూర్చోవడమే రూట్ చూడటం. కాకపోతే అన్ని కంపెనీలకీ ఆ పర్మిట్ ఉండదు, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా ఎక్కువగా వెళ్తాయి, నార్వేజియన్ కూడా కొన్ని సెయిలింగ్స్‌లో వెళ్తుంది, డిస్నీ, రాయల్ కరీబియన్ వేరే ఫియర్డులకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు), వేరే గ్లేసియర్లకి తీసుకెళ్తాయి. బుక్ చేసే ముందు రూట్‌లో గ్లేసియర్ పేరు ఏం రాసిందో చదవండి.

డెక్‌పదిహేను:
బాగానే ఉంది గానీ ఉత్తరదిక్కు గారూ, 11 ఏళ్ళ పిల్లాడు ఏడు రోజులూ మంచు చూస్తాడా? కెచికాన్‌లో వాన పడని రోజే తక్కువ. హాలండ్ అమెరికాలో పిల్లలు ఎంతమంది ఉంటారు, వాడికి ఆడుకోవడానికి తోడెవరు?

ఉత్తరదిక్కు:
న్యాయమైన ప్రశ్నే. స్కూళ్ళకి సెలవులున్న జూన్, జూలై, ఆగస్టులో పిల్లలు బాగానే ఉంటారు. అయినా షిప్ కూడా కావాలంటే అలాస్కాకి వచ్చే పెద్ద షిప్పులున్నాయి. రాయల్ కరీబియన్ క్వాంటం క్లాస్‌వి వస్తున్నాయి, వాటిల్లో పైకప్పున్న పూల్, లోపల బంపర్ కార్లు, క్రేన్ చివర గాజు గదిలో కూర్చోబెట్టి సముద్రం మీద 90 మీటర్ల ఎత్తుకి లేపే నార్త్ స్టార్ ఉన్నాయి. నార్వేజియన్ బ్లిస్‌లో పై డెక్ మీద గో కార్ట్ ట్రాక్ ఉంది. మీ ఆయనకి అవి చూపించండి నీలికెరటం గారూ.

ఒక్కటి మాత్రం చూసుకోవాలి, అమెరికాలోని సియాటిల్ నుంచా, కెనడాలోని వాంకూవర్ నుంచా అని. వాంకూవర్ నుంచి వెళ్ళేవి ఇన్‌సైడ్ పాసేజ్‌లో దీవుల మధ్య పోతాయి, నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. సియాటిల్ నుంచి వెళ్ళేవి ఎక్కువగా వాంకూవర్ దీవికి (ఆ ఊరు వేరు, ఈ దీవి వేరు) బయటి వైపు నుంచి పోతాయి, అంటే పసిఫిక్‌లో, మొదటి రోజు ఊగే చాన్స్ ఉంది. సియాటిల్ రూట్లలో విక్టోరియా అని కెనడా పోర్టు ఒకటి కనిపిస్తుంది, చాలాసార్లు రాత్రి వేళ కొద్ది గంటలే. 1886 నాటి అమెరికా చట్టం వల్ల వేరే దేశం జెండా ఉన్న షిప్ అమెరికా పోర్టులో ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ పోర్టులో ఆగి తీరాలి, అందుకోసం పెట్టిన ఆగుడు అది. దాన్ని నాలుగో ఊరుగా లెక్కేసుకోకండి.

కిటికీపక్క:
వీసాలు మర్చిపోకండి. అలాస్కా రూట్ ఎటు నుంచి ఎక్కినా అమెరికా, కెనడా రెండూ తగులుతాయి, మీ పాస్‌పోర్ట్‌కి రెండింటికీ ఏం కావాలో టికెట్ కట్టక ముందే చూసుకోండి. మెడిటరేనియన్ అయితే మధ్యలో టర్కీ లాంటి చోట ఆగి వెనక్కి వచ్చే రూట్లకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) మల్టిపుల్ ఎంట్రీ, అంటే ఒకసారి బయటికి వెళ్ళి మళ్ళీ రానిచ్చేది, ఉండాలి.

క్యాబిన్ గురించి కూడా చెప్తాను, ఆరుగురికి ఒక్క పెద్ద క్యాబిన్ వెతక్కండి, మధ్యలో తలుపున్న రెండు కనెక్టింగ్ క్యాబిన్లు అడగండి, రెండు బాత్రూములొస్తాయి. షిప్ మధ్య భాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. మామయ్యగారికి లిఫ్ట్ దగ్గరగా ఉండాలి, పెద్ద షిప్పుల్లో కారిడార్ చివర ఇస్తే భోజనానికి పోయి రావడమే ఒక వాకింగ్ అవుతుంది. మూడో మనిషి, నాలుగో మనిషి పట్టే క్యాబిన్లు తొందరగా అయిపోతాయి, లైఫ్‌బోట్లలో ఎంతమంది పడతారనే లెక్క వల్ల కూడా ఒక్కోసారి మంచాలు ఖాళీగా ఉన్నా ఇవ్వరు, లేటు చేయకండి.

నీలికెరటం:
అందరికీ చాలా థాంక్స్. కిటికీపక్క గారు చెప్పినట్టు రాత్రి పోర్టులన్నీ పేపర్ మీద రాశాం, రేవా టెండరా, ఎంత దూరం అని. మెడిటరేనియన్ లిస్టు చూసి మామయ్యగారే ఇది నా వల్ల కాదమ్మా అన్నారు, పాంపే మాత్రం బాబు కాస్త పెద్దయ్యాక విడిగా వెళ్తాం, లంగరు గారి మాట నాకు బాగా పట్టింది. ఐకాన్ మీద మా ఆయనకి ఆశ పోలేదు గానీ తుఫాన్ సీజన్ అనేసరికి అత్తయ్య ససేమిరా అన్నారు. అలాస్కానే ఫిక్స్. ఇప్పుడు గొడవ ఏంటంటే నాకు వాంకూవర్ నుంచి గ్లేసియర్ బే వెళ్ళే షిప్ కావాలి, ఆయనకి సియాటిల్ నుంచి బంపర్ కార్లున్న షిప్ కావాలి. రేపు రెండు కంపెనీలకీ ఫోన్ చేసి జూలైలో లిఫ్ట్ దగ్గర కనెక్టింగ్ క్యాబిన్లు ఉన్నాయేమో అడుగుతాను, ఎవరి దగ్గరుంటే వాళ్ళదే.

డెక్‌పదిహేను:
రెండు చోట్లా ఉంటే?

నీలికెరటం:
ఉంటే గ్లేసియర్ బే నే. మా పాపకి షిప్ ఊగితే పడదు, ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు.