విశాఖ వన్ టౌన్: చరిత్రను, దుకాణాలను కలిపి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (మధురవాడ నివాసి):

మా ఇంటికి చుట్టాలు వస్తే కైలాసగిరికి, రుషికొండకు, ఆర్కే బీచికి తీసుకువెళ్తాం. విశాఖపట్నం పుట్టి పెరిగిన వన్ టౌన్ వైపు మాత్రం ఎవరూ దారి తీయరు. వచ్చే నెలలో మా అత్తగారు వస్తున్నారు; ఆవిడనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయినీ ఒక ఉదయం అక్కడికి తీసుకువెళ్ళాలని ఉన్నది. ఎక్కడ మొదలుపెట్టి ఎటు నడవాలో తెలిసినవారు చెప్పగలరా? ఒకప్పుడు దంతపు పనికి విశాఖ పేరు పొందిందని విన్నాను. ఆ పని చేసేవారి దుకాణాలు ఇంకా ఉన్నాయా?

సమాధానం (కోటవీధి):

పొద్దున్నే కురుపాం మార్కెట్ దగ్గర దిగి, అక్కడినుంచి నడవండి. ఆ ఇరుకు వీధులలో కారు తిప్పడం కష్టం. పైగా కారులో కూర్చున్నవారికి అక్కడ ఏమీ కనిపించదు. దగ్గరలోనే విక్టోరియా రాణి విగ్రహం, క్వీన్ మేరీ పాఠశాల, పాత టౌన్ హాలు ఉన్నాయి.

అయితే ఈ కట్టడాలకంటే చాలా ముందునుంచే అది వర్తకుల ఊరు. చుట్టుపక్కల పల్లెలలో నేసే బట్టల కోసం ఈస్ట్ ఇండియా కంపెనీ 1680లలోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది. 1757లో బుస్సీ నాయకత్వాన ఫ్రెంచివారు దానిని పట్టుకోగా, మరుసటి ఏడాది విజయనగరం రాజు ఆనంద గజపతి వారినుంచి తీసుకుని ఆంగ్లేయులకు అప్పగించారు. మీ అబ్బాయికి తప్పక చెప్పవలసినది 1780 అక్టోబరు 3 నాటి సంగతి. హైదరాలీతో యుద్ధం కోసం మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కమన్నప్పుడు ఇక్కడి సిపాయిలు నిరాకరించి, తమ అధికారులపైనే తుపాకులు ఎక్కుపెట్టారు. 1857 తిరుగుబాటుకు 77 సంవత్సరాల ముందు మన ఊళ్ళో ఇంతటి ఘటన జరిగితే, అది ఈ ఊరిలోనే ఎక్కువమందికి తెలియకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

తెలుగు చదువుకున్నవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. లండన్ మిషన్ బోధకులు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చి, క్రైస్తవ మతం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని సహాయంతో సువార్తలను తెలుగులోకి అనువదించే పని చేపట్టారు. 1812లో శ్రీరాంపూరులో అవి అచ్చయ్యేనాటికి ఆ బోధకులిద్దరూ జీవించి లేరు.

సమాధానం (పాత వస్తువుల అభిమాని):

దంతపు పని గురించి నాకు తెలిసినంత వ్రాస్తాను. 1756లో ఇక్కడికి వచ్చిన కార్నీల్ అనే ఆంగ్ల సైనికాధికారి, ఈ ఊరి అద్దకపు బట్టలతోపాటు కొయ్యలో దంతం పొదిగే పనిని కూడా మెచ్చుకుంటూ వ్రాశాడు. మొదట కుర్చీలు, బల్లలు, బీరువాల వంటి పెద్ద సామాను చేసేవారు. తరువాతి కాలంలో గంధపు చెక్క పెట్టెలపై పలుచని దంతపు రేకులు, కొమ్ము పలకలు, ముళ్ళపంది ముళ్ళు అతికించి, దంతం మీద సన్నగా చెక్కిన గీతలలో నల్లటి లక్క నింపేవారు. దూరంనుంచి చూస్తే కలంతో గీసిన బొమ్మలేమో అనిపిస్తుంది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు విశాఖ పెట్టెలు వెళ్ళాయి. అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనితనాన్ని నేటికీ చూడవచ్చు. వాటిని చేసిన వీధులలో మాత్రం ఆ పనివారి పేర్లు చెప్పే పలక ఒక్కటీ నా కంటపడలేదు.

ఇప్పుడు దంతపు వస్తువులమ్మే దుకాణం కోసం వెతకకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోనూ 1991లోనూ వచ్చిన సవరణలతో దంతపు వ్యాపారం నిషిద్ధమయింది. పాతదని చెప్పి ఎవరైనా చూపించినా కొనవద్దు.

కురుపాం మార్కెట్ వీధులలో చూడదగినవి బంగారు, వెండి దుకాణాలు, పూజాసామగ్రి అంగళ్ళు, ఇత్తడి సామాను కొట్లు. మీ అత్తగారికి ఇత్తడి కుందులో, పసుపు కుంకుమ భరిణెలో కావాలంటే, బరువు తూయించి, రెండు మూడు చోట్ల ధర అడిగి తీసుకోండి. కొనడానికి తొందరపడక కాసేపు కూర్చుంటే, పెద్ద వయసు దుకాణదారులు తమ తాతలు ఎక్కడినుంచి వచ్చారో, ఏ సరుకుతో మొదలుపెట్టారో చెబుతారు. ఆ మాటలే నాకు ఆ వీధులలో అన్నిటికంటే విలువైనవిగా అనిపిస్తాయి. కూరగాయలు, కిరాణా సందడి చూడాలంటే పూర్ణా మార్కెట్‌కు వెళ్ళండి.

సమాధానం (రేవు వీధి):

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తాను కానీ, రేవును చూడకుండా తిరిగివస్తే ఆ దుకాణాలు అక్కడే ఎందుకు వెలిశాయో అర్థం కాదు. రేవు కట్టకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. అందుకే వర్తకమంతా తీరానికి దగ్గరగా పెరిగింది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించారు. అంతకు ముందే 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడడంతో ఊరు వాల్తేరు మెట్ట వైపు సాగింది. ఆ తరువాత పెద్ద దుకాణాలు జగదాంబ కూడలికి చేరాయి. వన్ టౌన్ వెనుకబడడానికి అక్కడి వ్యాపారుల అసమర్థత కారణమని కొందరు అంటారు. ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం.

రేవు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, మూడవదైన రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. పెద్దావిడ మెట్లు ఎక్కలేకపోతే మూడింటికీ ప్రయత్నించక, ఏదో ఒక కొండను ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా అత్తగారు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం తప్పనిసరి అంటున్నారు. గురువారం వెళ్ళవచ్చునా?

సమాధానం (కోటవీధి):

అమ్మవారికి గురువారం ప్రత్యేకం కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ. మార్గశిర మాసమయితే పొడవైన వరుసలో నిలబడవలసి వస్తుంది. దర్శనం తరువాత వీధులు చూసే ఓపిక ఉండదు. మంగళవారమో, బుధవారమో ఎంచుకోండి. గర్భాలయానికి పైకప్పు లేని ఆ గుడిలో భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించుకునే ఆచారం ఉన్నది కనుక, ముందుగా కురుపాం మార్కెట్‌లో అవి కొనుక్కుని గుడికి వెళ్ళండి. కొండ ఎక్కేది దర్శనం తరువాతే, అదీ ఎండ ముదరకముందే.