అప్‌డేట్: మానిటర్ ఆన్ అయి 2 సెకన్లలో ఆరిపోయే సమస్య తీరింది

ఈ సమస్య గురించి ఇక్కడ అడిగినప్పుడు సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. పవర్ బోర్డులో సెకండరీ వైపు (తక్కువ వోల్టేజి బయటికి వచ్చే వైపు) కెపాసిటర్లు చూడమన్న మాటే నిజమైంది. 12 వోల్టుల లైనులోని రెండు 1000 మైక్రోఫ్యారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు (లోపల ద్రవం ఉండే రకం) చెడిపోయాయి. పైన ఉబ్బు లేదు, మల్టీమీటర్‌లో విలువ కూడా 900 పైనే చూపించింది. అక్కడే మోసపోతాం. బోర్డు నుంచి తీసి ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) మీటర్‌తో కొలిస్తే 2.8 ఓమ్‌లు! కొత్తదానికి 0.05 కూడా రాలేదు.

రెండూ హీట్‌సింక్‌ను (భాగాల వేడిని బయటికి పంపే లోహపు ముక్క) ఆనుకుని ఉన్నాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, లోపలి ద్రవం ఆరిపోతుంది.

105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే, తక్కువ ఈఎస్ఆర్ రకం, 1000 మైక్రోఫ్యారడ్ 25 వోల్టులవి వేశాను. కొనేముందు వ్యాసం, ఎత్తు కొలుచుకోండి. చార ఉన్న కాలు నెగటివ్. తిరగేసి వేస్తే పేలుతుంది.

ఫ్యూజు, బ్యాక్‌లైట్, రిబ్బన్ కేబుల్‌కు దీనితో సంబంధం లేదు. ప్రైమరీ వైపు (ఇంటి కరెంటు లోపలికి వచ్చే వైపు) పెద్ద కెపాసిటర్ బాగానే ఉంది. కానీ ప్లగ్ తీశాక కూడా అందులో 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే బోర్డు ముట్టుకోండి.