అప్‌డేట్: విమ్‌లోనే ఉండాలా, ఇంటెల్లిజేకు మారాలా?

జావా భాషలో రాసే ప్రాజెక్టు కోసం, విమ్ అనే తేలికపాటి టెక్స్ట్ ఎడిటర్‌ను వదిలి, కోడ్ రాయడానికే ప్రత్యేకించిన ఇంటెల్లిజే ఐడియా అనే సాఫ్ట్‌వేర్‌కు మారాలా అని రెండు నెలల క్రితం అడిగాను. రెండింటిలోనూ ఒక మెథడ్ (కోడ్‌లో ఒక పని చేసే, పేరున్న భాగం) పేరు మార్చి చూడమని జవాబుల్లో వచ్చిన సలహాయే చివరకు దారి చూపింది. విమ్‌లో వెతికి మార్చినప్పుడు, వేరే క్లాసులో అదే పేరుతో ఉన్న మెథడ్ కూడా మారిపోయి, కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చే కంపైలర్ తప్పుల చిట్టా విప్పింది. ఇంటెల్లిజేలో షిఫ్ట్, ఎఫ్6 కలిపి నొక్కితే, అది కోడ్‌ను అక్షరాలుగా కాక నిర్మాణంగా చదువుతుంది కాబట్టి, ఆ మెథడ్‌ను పిలిచిన చోట్ల మాత్రమే మార్చింది. 2016లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌తో (కోడ్‌ను అర్థం చేసుకునే ప్రోగ్రామ్‌ను ఎడిటర్‌తో కలిపే పద్ధతి) విమ్‌కూ ఆ తెలివి అబ్బుతుందని ఒకరు చెప్పగా ప్రయత్నించాను. పనిచేసింది, కానీ అమర్చడానికే ఒక ఆదివారం పట్టింది (భోజనం కూడా ఆలస్యమైంది). అందువల్ల జావాకు ఇంటెల్లిజేనే ఖాయం చేసుకున్నాను. సర్వర్‌లో పోర్టు సంఖ్య లాంటి చిన్న సెట్టింగు దిద్దడానికి మాత్రం ఇప్పటికీ విమ్‌నే తెరుస్తున్నాను.